తేర్ : పోర్చుగీసు భాషలో నొక తొలి పాఠము

మన పెద్దలు బుడతకీచులని పిలిచిన జనుల భాష మనకు బొత్తిగా క్రొత్తది కాదు. పాదిరి, మేస్త్రి, అనాస యను మాటలు ఆ భాషనుండియే మన యిండ్లకు వచ్చినవి. 1706వ సంవత్సరమున తరంగంబాడిలో దిగిన సీగెన్‌బాల్గు, ప్లూచో అను మిషనరీలు తమిళముతోపాటు పోర్చుగీసును గూడ నేర్చిరి. అప్పటి రేవుపట్టణములలో వ్యవహారమున కది యంత యవసరమై యుండెను. నేడది పోర్చుగలు, బ్రెజిలు, అంగోలా, మొజాంబికు మొదలగు దేశముల యధికారభాష. దానిని నేర్వగోరు విద్యార్థుల కొరకు, అడుగడుగునను వచ్చు 'తేర్' అను క్రియను గూర్చి వ్రాయుదుము.

తేర్ అనగా కలిగియుండుట. ఉచ్చారణము మన 'తేరు' నకు దగ్గర గావున మఱచుట కష్టము. వర్తమానకాలమున లిస్బన్ పలుకుబడి ననుసరించి దాని రూపము లివి:

నేను — తేఞు
నీవు — తెంయ్ష్
అతడు, ఆమె — తెంయ్
మేము — తేముష్
వారు — తెంయెంయ్

కడపటి రూపమును వ్రాయునపుడు అచ్చుపై గొడుగువంటి గుర్తు నుంచవలెను. అది లేనిచో ఏకవచన మగును. బ్రెజిలులో పెక్కుచోట్ల 'నీవు' అనుటకు 'వొసే' అని, దానికి 'తెంయ్' అను రూపమునే చేర్తురు. 'మీరు' అనుటకు 'తెందెష్' అను మఱియొక రూపము కలదు. అది నేటి సంభాషణమున అరుదు, ప్రాచీన వేదగ్రంథానువాదములలో కనబడును.

ఈ రూపములు వంకరగా నున్నవని విద్యార్థులు విసుగుకొందురు. కాని వంకరకు కారణము కలదు. లాటిను భాషలో దీని మూలము 'తెనేరె'. పోర్చుగీసులో రెండచ్చుల నడుమనున్న నకారము తఱచుగా జారిపోయినది. చంద్రుని పేరైన 'లూనా' వారికి 'లూఅ' యైనట్లే, 'తెనేరె' క్రమముగా 'తేర్' అయినది. 'తేఞు' లో మాత్రము ఆ పాత నకారము ఞకారమై నిలిచినది. కావున నియమము తప్పినట్లు తోచునది పాత నియమము యొక్క గుర్తే.

చేయుదును, చేయుదువు, చేయుదుము అనునపుడు క్రియాంతమే కర్తను తెలుపును గదా! అట్లే 'తేఞు' అన్న చాలును. 'నేను' అని వేరుగా చెప్పనక్కరలేదు. ఇది మనకు సులువు.

ఇక చిక్కు విందము. 'నాకు పుస్తకము కలదు' అను మన వాక్యములో పుస్తకము కర్త. 'నాకు' అనునది షష్ఠి. పోర్చుగీసులో 'తేఞు ఉం లీవ్రు' అందురు. అచట కలిగినవాడే కర్త, పుస్తకము కర్మము. 'నాకు' అను మాటను వెదకిన వాక్యము చెడును.

అయితే ఇంగ్లీషు దారిన పోవుటయు క్షేమము గాదు. ఇంగ్లీషువారు ఆకలిని, వయస్సును 'ఉండుట' అను క్రియతో చెప్పుదురు. మేము మొదట నేర్చునపుడు ఆ మార్గమునే పట్టి, 'సో ఫోమె' అని ధైర్యముగా పలికితిమి. దాని యర్థము 'నేను ఆకలిని' అని! వినినవారు నవ్విరి, మేము సిగ్గుపడి కొన్నిదినములు నోరు విప్పలేదు. ఆ తప్పుకంటె ఆ మౌనమే మాకెక్కువ నష్టము చేసెను. సరియైన వాక్యము 'తేఞు ఫోమె', అనగా ఆకలి కలిగియున్నాను. దాహమునకు 'తేఞు సేదె', చలికి 'తేఞు ఫ్రీయు', పదునైదేండ్ల వయస్సునకు 'తేఞు కింజె అనుష్'. మనము 'నాకు పదునైదేండ్లు, నాకు ఆకలి' అనుటలేదా? వయస్సును, ఆకలిని మనిషికి కలిగినవిగా చూచుటలో మన తెలుగే పోర్చుగీసునకు దగ్గర.

వ్యతిరేకార్థమునకు 'నౌం' అను మాటను ముక్కుతో పలికి క్రియకు ముందుంచవలెను: 'నౌం తేఞు ఫోమె'. మన 'లేదు' వలె చివర నుంచరాదు. విధిని తెలుపుటకు 'ద' చేర్తురు: 'తేఞు ద ఇర్', నేను పోవలసియున్నది.

అభ్యాసము. వీనిని పోర్చుగీసులోనికి మార్చుడు:
1. మాకు దాహముగా నున్నది.
2. ఆమెకు పదునైదేండ్లు.
3. నీకు పుస్తకము కలదు.
4. వారికి చలి లేదు.
5. మేము పోవలసియున్నది.

కడపట నొక్క వాక్యము. 'తేఞు సౌదాదెష్ ద కాజ' అనగా ఇంటిపై బెంగ కలిగియున్నాను. హాస్టలులో నుండు మన పిల్లల కీ వాక్యమునకు వేఱు వ్యాఖ్యానము అక్కరలేదు. విద్యార్థులారా, తప్పైనను పలుకుడు. పలికినవానికే దిద్దుబాటు లభించును.