అద్దె ఇంట్లో కొత్త గుమ్మం

రత్తమ్మకు ఒక పెంకుటిల్లు ఉంది. గోడలు మట్టివి. పైన తాటి దూలం. వెనక గదిలో ఆమె ఉంటుంది. ముందు గది సూరిబాబుకు అద్దెకిచ్చింది. నెలకు 1,500 రూపాయలు. ఆ అద్దే ఆమెకు ఆధారం. సూరిబాబు బట్టలు కుడతాడు. నోటిమాట మీదే గది ఇచ్చింది. కాగితం రాసుకోలేదు.

కూతురి పురుడుకని రత్తమ్మ ఊరికి వెళ్లింది. నెల తర్వాత తిరిగొచ్చింది. వచ్చి చూస్తే ఏముంది? వీధివైపు గోడ కొట్టేసి ఉంది. అక్కడ కొత్త గుమ్మం! గుమ్మం దగ్గర కుట్టు మిషను!

"ఏం నాయనా, ఇదేం పని? నన్ను అడగొద్దా?" అంది రత్తమ్మ.

"గదిలో వెలుతురు లేదత్తా. సూదిలో దారం ఎక్కడం లేదు. ఇప్పుడు నలుగురికీ కొట్టు కనపడుతోంది. నాలుగు వేలయింది. అద్దెలో మినహాయించు" అన్నాడు సూరిబాబు.

రత్తమ్మ తలెత్తి చూసింది. దూలం కింద గోడ బీటలు వారింది. ముందు వానాకాలం. ఆమె గుండె గుభేలుమంది.

పక్కింటి అప్పన్న వచ్చాడు. "గదికి తాళం వెయ్యి. మిషను వీధిలో పడెయ్యి. వాడే పోతాడు" అన్నాడు.

రత్తమ్మ తాళం చేతిలోకి తీసుకుంది. అంతలో రాత్రి బడి టీచరమ్మ గుర్తొచ్చింది. ఆమె దగ్గరకు వెళ్లింది.

"తాళం వేస్తే తప్పు మనమీదకొస్తుంది పెద్దమ్మా. అతని సామాను మనం ముట్టుకోకూడదు. ముందు మేస్త్రీని పిలుద్దాం. గోడ నిలబడితే కదా తగాదా!" అంది టీచరమ్మ.

మేస్త్రీ వచ్చాడు. దూలం కింద గుంజ పోటు పెట్టాడు.

"మట్టి ఇంట్లో కప్పు బరువంతా గోడల మీదే ఉంటుంది. దూలం ఆనిన చోట గోడ తీయకూడదు. పక్క గోడ మీద దూలం లేదు. కిటికీ అక్కడ పెట్టొచ్చు" అన్నాడు.

సూరిబాబు ముఖం చిన్నబోయింది. ఆ దూలం కిందే అతని పిల్లలు పడుకుంటున్నారు.

"తప్పయిందత్తా" అన్నాడు.

"నా తప్పూ ఉందిలే. చీకటిగా ఉందని నువ్వు రెండుసార్లు చెప్పావు. నేను వినిపించుకోలేదు" అంది రత్తమ్మ.

ఆ రోజు రత్తమ్మే కాగితం రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అయినా మాట తిన్నగా ఉంది.

రత్తమ్మ రాసిన కాగితం

1. వీధి గుమ్మం మూసి గోడ కట్టించే ఖర్చు సూరిబాబుది.
2. పక్క గోడకు కిటికీ పెట్టాలి. ఖర్చు చెరి సగం.
3. ఇకమీదట గోడ, తలుపు, కప్పు, కరెంటు వైరు మార్చాలంటే ముందు అడగాలి. రత్తమ్మ రాసిస్తేనే మార్చాలి.
4. గది ఖాళీ చేసినా కిటికీ ఇంటికే ఉండాలి.

కింద తేదీ వేశారు. ఇద్దరూ సంతకాలు చేశారు. ఇద్దరు సాక్షులు కూడా చేశారు. రెండు ప్రతులు రాసుకున్నారు. చెరొకటి దాచుకున్నారు.

చట్టం ఏం చెబుతుంది?

ఆస్తి బదిలీ చట్టం 1882లో వచ్చింది. కాగితంలో వేరే షరతు లేకపోతే ఈ చట్టం ప్రకారం:

- అద్దెకున్నవారు ఇంటిని కూల్చకూడదు, పాడుచేయకూడదు. యజమాని ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు.
- ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. వాడకంలో మామూలుగా వచ్చే అరుగుదల తప్పు కాదు.
- తాము బిగించిన ఫ్యాను, బల్ల తీసుకుపోవచ్చు. కాని ఇంటిని మునుపటిలా చేసి వెళ్లాలి.
- యజమాని చేయించాల్సిన మరమ్మతు కొన్ని ఉంటాయి. చెప్పినా చేయించకపోతే, అద్దెకున్నవారు చేయించి ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చు. కొత్త గుమ్మం మరమ్మతు కాదు. అది మార్పు.
- యజమాని తగిన వేళలో వచ్చి ఇల్లు చూసుకోవచ్చు.

ఖాళీ చేయమన్నా చేయకపోతే నోటీసు ఇవ్వాలి. తర్వాత కోర్టుకు వెళ్లాలి. సామాను బయట పడేయడం దారి కాదు.

మాటలతో కుదరకపోతే న్యాయ సేవా సంస్థకు అర్జీ పెట్టండి. దీనికి 1987లో చట్టం వచ్చింది. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి వకీలును ఉచితంగా ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు.

చర్చించండి

1. సూరిబాబు అవసరం నిజమే. మరి అతను చేసిన తప్పేమిటి?
2. రత్తమ్మ తాళం వేసి ఉంటే ఏం జరిగేది?
3. మీ ఇంట్లో దూలం ఏ గోడల మీద ఆనింది? చూసి చెప్పండి.

రాయండి

మీరు అద్దె ఇంట్లో ఉన్నారు. వంటగదిలో పొగ నిండుతోంది. కిటికీ కావాలని యజమానికి నాలుగు వాక్యాల చీటీ రాయండి. తేదీ, సంతకం మరవకండి.