శిలలైన వృక్షాలు

అహల్య శిలగా మారిన వృత్తాంతం ఎరిగిన తెలుగు పాఠకునికి చెట్టు రాయి కావడం అంత వింతగా తోచకపోవచ్చు. అయితే అమెరికా దేశంలోని ఆరిజోనా రాష్ట్రంలో పడి ఉన్న రాతిచెట్లను శపించిన మునులెవరూ లేరు.

సుమారు 21 కోట్ల సంవత్సరాల పూర్వం, నేడు ఎడారిప్రాయమైన ఆ నేలపై నదులు ప్రవహించేవి. వరదలలో కొట్టుకొని వచ్చిన మహావృక్షాలు ఇసుక, ఒండ్రుమట్టి, అగ్నిపర్వతపు బూడిద కింద కూరుకుపోయాయి. గాలి సోకనందువల్ల అవి త్వరగా కుళ్ళిపోలేదు. బూడిదలోని సిలికా భూగర్భజలంలో కరిగి, మాను లోపలి సూక్ష్మరంధ్రాలలోకి ఇంకి, క్రమంగా స్ఫటికమై గట్టిపడింది. ఇనుము ఎరుపు, పసుపు వన్నెలను, మాంగనీసు నలుపును అద్దాయి. ఆ దుంగలు రంపంతో కోసినట్లు తునకలై కనిపిస్తాయి. స్ఫటికం పెళుసు కనుక, నేల కదలికల ఒత్తిడికి దుంగ అడ్డంగా చిట్లింది.

వీటిని వెదకేవారు వాన వెలిసిన తరువాత వాగుల ఒడ్డులను, కోతపడిన మట్టిదిబ్బల అడుగుభాగాలను పరిశీలిస్తారు. చూపునకు కట్టెపేడు, చేతికి రాతి బరువు. పైన చెక్కనారల చారలు ఉన్నా కత్తి మొనకు గీత పడదు. ఇవి ఉంటే అది రాతిచెట్టే.

ఈ అందమే ఆ అడవికి ముప్పు తెచ్చింది. 19వ శతాబ్ది చివర రైలుమార్గం రాగానే రాతిదుంగలు తరలిపోసాగాయి. లోపలి ఊదారంగు స్ఫటికాలకోసం కొందరు వాటిని మందుపెట్టి పేల్చారు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ ప్రాంతాన్ని రక్షిత స్మారకంగా ప్రకటించాడు. 1962లో అది జాతీయ ఉద్యానవనమైంది. అక్కడ చిన్న పలుకు తీసుకున్నా నేరమే. చిత్రమేమంటే, ఇతర ప్రభుత్వ భూములలో రాతిచెట్టును ఉచితంగా ఏరుకొనే వీలు కల్పించిన చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. భూనిర్వహణ సంస్థ అనుమతించిన చోట్ల ఒక వ్యక్తి రోజుకు 25 పౌండ్లు, అదనంగా ఒక ముక్క, ఏడాదికి మొత్తం 250 పౌండ్లు (సుమారు 113 కిలోలు) మించకుండా సొంతానికి తీసుకోవచ్చు. అమ్మరాదు, పేలుడు పదార్థాలు వాడరాదు. ముచ్చటను మన్నించి, వ్యాపారాన్ని నిలువరించిన ఈ నియమం వివేకవంతమైనది.

ఉద్యానవనంలో దొంగతనం ఆపడం మాత్రం అంత సులభం కాలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం బాటలవెంట గుర్తుపెట్టిన ముక్కలు ఉంచి, రెండు రకాల హెచ్చరిక ఫలకాలను పరీక్షించింది. “గతంలో ఎందరో ముక్కలు తీసుకుపోయారు” అని వాపోయిన ఫలకం ఉన్నప్పుడు నూటికి దాదాపు 8 ముక్కలు మాయమయ్యాయి. “దయచేసి తీయవద్దు” అన్న ఫలకం ఉన్నప్పుడు 2 కూడా పోలేదు. పదిమంది చేసిన తప్పును చాటడం పదకొండవవానికి ధైర్యం చెప్పడమే అయింది.

తీసుకుపోయినవారిలో కొందరు పశ్చాత్తాపపడి, క్షమాపణ లేఖతోపాటు ఆ రాళ్ళను తపాలాలో తిప్పి పంపుతుంటారు. ఆ రాయి ఏ పొరలో, ఏ దుంగ పక్కన ఉండేదో తెలియదు కనుక దాన్ని తిరిగి యథాస్థానంలో ఉంచడం అసాధ్యం. ఎక్కడో ఒకచోట పడవేస్తే శాస్త్రజ్ఞుని పరిశీలన తప్పుదారి పడుతుంది. అందువల్ల ఉద్యానవన సిబ్బంది వాటిని ఒక దారి పక్కన పోగుపోశారు. దానికి ‘అంతరాత్మ గుట్ట’ అని అర్థం వచ్చే పేరు స్థిరపడింది.