కరెంటు బిల్లు మీద నీ పేరు

తులూజ్,
ఫిబ్రవరి 9

చెల్లీ,

వీసా వచ్చిందన్నప్పటి నుంచీ మనసు నిలవడం లేదు. పెట్టెలో ఏం సర్దుకోవాలో అమ్మ చెబుతుంది. నేను వేరే సంగతి రాస్తున్నాను. ఫోన్లో చెబితే మర్చిపోతావని ఉత్తరం.

లియోన్‌లో మరిదిగారు ఇల్లు తీసుకున్నారన్నావు కదా. దిగిన వారంలోనే ఆ ఇంటి కరెంటు కాంట్రాక్టులో నీ పేరు కూడా చేర్పించు. ఫ్రాన్స్‌లో బ్యాంకు ఖాతాకైనా, రెసిడెన్స్ కార్డుకైనా ముందు అడిగేది చిరునామా రుజువు. దానికి ఎక్కువగా చూపేది కరెంటు బిల్లు. బిల్లు మీద భర్త పేరొక్కటే ఉంటే, 'ఈమె నా ఇంట్లో ఉంటోంది' అని ఆయన సంతకం చేసి, తన గుర్తింపు కార్డు జతచేసి ఇవ్వాలి. మొదటి రెండేళ్లు ప్రతి పనికీ ఆ కాగితం పట్టుకుని తిరిగాను, నా ఇంట్లో నేనే చుట్టపుచూపుగా వచ్చినట్టు.

నిజానికి ఇక్కడి చట్టం ఆడవాళ్ల పేరు చెరిపెయ్యదు. 1794 నుంచీ పుట్టుకతో వచ్చిన పేరే అసలు పేరు. భర్త ఇంటిపేరు వాడుకోవచ్చు గానీ, అది వాడుక పేరే. ఆరోగ్య బీమాలో నిన్ను నమోదు చేసుకునేది నాన్నగారి ఇంటిపేరుతోనే. అందుకే పాస్‌పోర్టులో, జనన ధ్రువపత్రంలో నీ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఇప్పుడే చూసుకో. ధ్రువపత్రానికి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర, వేయించుకుని రా. వీసా మీద వీఎల్ఎస్-టీఎస్ (రెసిడెన్స్ కార్డుగానూ పనికొచ్చే దీర్ఘకాల వీసా) అని ఉంటే, దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో రుసుము కట్టి దాన్ని ధ్రువీకరించుకోవాలి. అది మీ ఆయనకి వదిలెయ్యకు, పక్కన కూర్చుని నువ్వే చెయ్యి.

కాగితం మీద పేరు ఒక ఎత్తు, నోట్లో మాట ఇంకో ఎత్తు.

పెద్దాడికి రెండేళ్లప్పుడు ఓ రాత్రి కుక్క మొరిగినట్టు దగ్గు, ఊపిరాడలేదు. మీ బావ ఊళ్లో లేరు. అత్యవసర వైద్యానికి పిలిచే 15కి ఫోన్ చేశాను. అవతల ఆవిడ నెమ్మదిగానే అడుగుతోంది. నాకు మా వీధి పేరు తప్ప మరో మాట నోట రాలేదు. వాణ్ణెత్తుకుని ఎదురింటి పెద్దావిడ తలుపు కొట్టాను. రెండేళ్లుగా మెట్ల మీద కనబడితే తలొంచుకుని వెళ్లిపోయేదాన్ని. ఆవిడ నా చేతిలో ఫోన్ తీసుకుని అన్నీ చెప్పింది. వాడు కోలుకున్నాడు. కానీ నా బిడ్డకి ఏమైందో నేను చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆ నెలలోనే ఫ్రెంచి తరగతిలో చేరాను.

నువ్వు అలాంటి రాత్రి కోసం ఆగకు. తక్కువ రుసుముతో ఫ్రెంచి నేర్పే సంఘాలు చాలా పట్నాల్లో ఉంటాయి. మీ పేటలో ఎక్కడుందో మునిసిపాలిటీ ఆఫీసులో అడుగు. మొదటి పాఠం నేనే చెబుతున్నాను. దుకాణంలో, డాక్టరు దగ్గర, లిఫ్టులో అడుగుపెట్టగానే 'బోంజూర్' అను. అది అనకుండా పని అడిగితే ఇక్కడ అమర్యాద. అది తెలియక, వాళ్లు ముభావంగా ఉంటే 'మనమంటే వీళ్లకి పడదు' అని నేను ఏడాదిపాటు కుమిలిపోయాను. 'వూ', 'త్యు' అంటే మన 'మీరు', 'నువ్వు'. 'వూ'తోనే మొదలుపెట్టు. దగ్గరైనవాళ్లు 'త్యు' అనమని వాళ్లే అడుగుతారు.

లియోన్‌లో క్రువా రూస్ కొండ మీద సోమవారం తప్ప రోజూ పొద్దున సంత ఉంటుంది. వెళ్లి కూరలు నువ్వే అడిగి కొను. గియోతియేర్ పేట కొట్లలో బెండకాయలు దొరుకుతాయి, 'గోంబో' అని అడగాలి. తప్పులొస్తాయి, రానీ. తప్పుగానైనా మాట్లాడినవాళ్లకే ఆ ఊరు దగ్గరవుతుంది.

చివరిగా ఒక్కమాట. కింద ఉత్తరాల డబ్బా మీద పేరు లేకపోతే ఇక్కడి పోస్ట్‌మాన్ ఉత్తరం వెయ్యడు, వెనక్కి పంపేస్తాడు. నా తర్వాతి ఉత్తరం లియోన్‌కే రాస్తాను. కవరు మీద మరిదిగారి పేరుండదు, నీ పేరొక్కటే ఉంటుంది. అది నా దగ్గరికి తిరిగి రాకూడదు సుమా.

మీ అక్క