వెబ్ సర్వర్‌ని రూట్‌గా రన్ చేస్తున్నారా? ఒక్క బగ్ చాలు!

పాత ల్యాప్‌టాప్‌లోనో, రాస్ప్‌బెర్రీ పైలోనో సొంత వెబ్ సర్వర్ పెట్టి చూడాలని చాలామందికి ఉంటుంది. పోర్ట్ 80లో స్టార్ట్ చేయగానే "పర్మిషన్ డినైడ్" అని ఎర్రర్ వస్తుంది. కమాండ్ ముందు సుడో పెడితే వెంటనే పనిచేస్తుంది. అసలు రిస్క్ మొదలయ్యేది కూడా అక్కడే.

ఆ ఎర్రర్ ఎందుకు వస్తుంది?

లినక్స్‌లో మామూలుగా 1024 కంటే తక్కువ నంబర్ ఉన్న పోర్టులు తెరవాలంటే ప్రత్యేక పర్మిషన్ కావాలి. సుడో పెడితే ఆ ఒక్క పర్మిషనే కాదు, సిస్టమ్ మొత్తం సర్వర్ చేతిలోకి వెళ్తుంది.

అయితే ఏంటి నష్టం?

వెబ్ సర్వర్ అంటే ముక్కూమొహం తెలియనివాళ్లు పంపే డేటాని కూడా తీసుకుని చదివే ప్రోగ్రామ్. అందులోని బగ్‌తో హ్యాకర్ తన కోడ్ రన్ చేయిస్తే, సర్వర్‌కి ఉన్న పవర్ అంతా ఆ కోడ్‌కీ వస్తుంది. మామూలు యూజర్ అయితే నష్టం చాలావరకు ఆ సైట్‌తో ఆగుతుంది. రూట్ అయితే పాస్‌వర్డ్ హ్యాష్‌లు చదవొచ్చు, లాగ్స్ చెరిపేయొచ్చు, బ్యాక్‌డోర్ పెట్టొచ్చు.

2001లో ఇదే జరిగింది

మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్‌లోని ఒక బగ్‌ని వాడుకుని కోడ్ రెడ్ అనే వార్మ్ వ్యాపించింది. జులై 19న 14 గంటల్లోపే సుమారు 3,59,000 కంప్యూటర్లకి సోకింది. బగ్ ఉన్న భాగం విండోస్‌లో అత్యున్నతమైన సిస్టమ్ అధికారాలతో నడిచేది, అందుకే దూరిన కోడ్‌కి మెషిన్ మొత్తం దొరికింది. ప్యాచ్ జూన్‌లోనే వచ్చినా చాలామంది వేసుకోలేదు. తర్వాత విండోస్ సర్వర్ 2003తో వచ్చిన ఐఐఎస్ 6.0లో, సైట్లు డిఫాల్ట్‌గా తక్కువ అధికారాలున్న అకౌంట్‌తో నడిచేలా మార్చారు.

మీరు ఏం చేయాలి?

1. టాప్ కమాండ్‌లో యూజర్ కాలమ్ చూడండి. అపాచీ, ఎన్‌జింక్స్‌లకి ఒక్క మాస్టర్ ప్రాసెస్ రూట్‌గా కనిపిస్తే కంగారు వద్దు. అది పోర్ట్ తెరిచి, రిక్వెస్టులను వేరే యూజర్‌తో నడిచే వర్కర్లకి వదిలేస్తుంది. వర్కర్లు కూడా రూట్‌గా ఉంటేనే ప్రమాదం.

2. మీరు రాసిన నోడ్, పైథాన్ యాప్‌ని 8080లో మామూలు యూజర్‌గా నడపండి. రౌటర్ పోర్ట్ ఫార్వర్డింగ్‌లో బయటి 80ని లోపలి 8080కి కలపండి.

3. డాకర్ కంటైనర్‌లో యూజర్‌ని ప్రత్యేకంగా చెప్పకపోతే ప్రాసెస్ రూట్‌గానే నడుస్తుంది. వేరే యూజర్‌ని సెట్ చేయండి.

4. సైట్ కోడ్ ఫైల్స్‌ని సర్వర్ యూజర్ చదవగలిగితే చాలు, రాసే పర్మిషన్ ఇవ్వొద్దు.

ఇవన్నీ చేసినా అప్‌డేట్స్ మాత్రం ఆపొద్దు. మామూలు యూజర్‌గా దూరినవాడు రూట్ అవ్వాలంటే సాధారణంగా ఇంకో లొసుగు కావాలి. అది వాడికి దొరక్కుండా చూసుకోవడం మన పని.