బోర్డు మీది అక్షరాలు

మేము విశాఖలో ఎం.కాం. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. కందులు కొనేవాడు గింజ కొరికి చూసి కొంటాడని మార్కెటింగ్ పాఠంలో చెప్పుకున్నాం. వైద్యాన్ని అలా కొరికి చూడలేం. అందుకే డాక్టరు పేరు పక్కనుండే అక్షరాలు చదవటం రావాలి.

అరకు వైపు నుంచే వచ్చిన మా స్నేహితురాలు తెల్లబడాలని సంతలో ఒక ట్యూబు కొన్నది. రెండు వారాలు ముఖం మెరిసింది. తర్వాత ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండ తగిలితే మంట. ఫ్లెక్సీ చూసి నగరంలో ఒక క్లినిక్కుకు వెళ్ళింది. స్కాలర్‌షిప్ డబ్బు కట్టించుకున్నారు గాని, ఏం రాశావని ఒక్కరూ అడగలేదు. చివరికి కింగ్ జార్జి ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో డాక్టరమ్మ మొదట అడిగిందే అది! ట్యూబు మీద బీటామెథాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. చాలాకాలం రాస్తే చర్మం పలచబడుతుంది. ఇటువంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన బిగించింది. సంతకు ఆ కబురు అందినట్టు లేదు.

ఇక అక్షరాల సంగతి. ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళు చదివితే ఎం.డి. (డి.వి.ఎల్.), అంటే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల నిపుణులు. ఎం.ఎస్. చేసి, ఆపైన ఎం.సి.హెచ్. చేసినవారు ప్లాస్టిక్ సర్జన్లు. కొద్దిరోజుల కోర్సు సర్టిఫికెట్టుకు ఎంత బంగారు ఫ్రేము కట్టినా అది వీటికి సాటిరాదు. వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసినంత మాత్రాన జుట్టు నాటే శిక్షణ పొందినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి.

మన హాస్టల్ తమ్ముడొకడు ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాడు. "అక్కా, స్కిన్ క్లినిక్ పెడితే జనం ఎలా వస్తారు?" అని మమ్మల్ని అడిగాడు. సంపాదించాలనుకోవటం తప్పు కాదు, వాళ్ళమ్మ ఇప్పటికీ కూలికే వెళ్తోంది. 2002 నాటి వైద్య నీతి నియమావళి తెచ్చి ఇద్దరం కూర్చుని చదివాం. ప్రాక్టీసు మొదలుపెట్టినా, చిరునామా మారినా, ఫీజు ఎంతో చెప్పాలన్నా పత్రికలో ప్రకటించవచ్చు. రోగులను రమ్మని ప్రచారం చేయకూడదు, ఏజెంట్లను పెట్టకూడదు. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్కులోనూ, మందుల చీటీ మీదా, రశీదు మీదా ఉండాలి. "మరి పక్కవాడు ఫ్లెక్సీ కడితే?" అన్నాడు. మా మార్కెటింగ్ పుస్తకంలో దానికి జవాబు లేదు. ఏం రాశావని అడిగిన డాక్టరమ్మ దగ్గరికి మా స్నేహితురాలు తర్వాత నలుగురిని తీసుకెళ్ళిందని మాత్రం చెప్పాం.

ఆ నంబరు, పేరు పట్టుకుని కమిషన్ వెబ్‌సైటులోని ఇండియన్ మెడికల్ రిజిస్టరులో ఎవరైనా వెతకవచ్చు, ఖర్చు లేదు. ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు ముఖం అప్పగించే ముందు రశీదు అడిగి ఆ నంబరు చూడండి. నంబరు లేదంటే బస్సు ఛార్జీ పోయిందనుకుని కాంప్లెక్సుకు వచ్చేయండి, అరకు బస్సు ఉంటుంది.