రోజుకో ఫైలు, పేరులోనే తేదీ

శాఖలో పనిచేసినవారికి వోచర్ల కట్ట తెలుసు. ఏ రోజు వోచర్లు ఆ రోజే కుట్టి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టేవాళ్లం. ఏళ్ల తర్వాత ఆడిటర్ అడిగినా తేదీ చెబితే కట్ట దొరికేది. మందిర్ హసౌద్‌లో మా ఇంటి పాత కంప్యూటర్‌కు అదే అలవాటు నేర్పబోయి నేను చేసిన పొరపాటు ఇది.

అందులో లైనక్స్ ఉంది. రాత్రి 2 గంటలకు మా ఫోన్లలోని ఫొటోలను వైఫై మీద నకలు తీసే పనిని క్రాన్‌కు అప్పగించాను. చెప్పిన వేళకు చెప్పిన పని చేసే గుమాస్తా అది. 1970ల నాటి యూనిక్స్ నుంచీ ఉంది. పని ఎలా జరిగిందో లాగ్ అనే ఫైలులో పడుతుంది.

మొదట ‘>’ గుర్తు వాడాను. అది ప్రతి రాత్రీ నిన్నటి రాతను తుడిచేస్తుంది. ‘>>’ అయితే కింద చేరుస్తూ పోతుంది, ఆ చాంతాడులో ఒక రోజు సంగతి వెతకడం కష్టం. అందుకే రోజుకో ఫైలు పెట్టాను. పేరులో తేదీని మన అలవాటులా కాకుండా 2024-11-05 అన్నట్టు, సంవత్సరంతో మొదలుపెట్టాలి. లేకపోతే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట చేరతాయి.

డేట్ కమాండ్‌తో ఆ పేరు తయారు చేయించి, చేత్తో నడిపి చూశాను. చక్కగా నడిచింది.

ఆ వారమే అమ్మ వచ్చింది. చంద్‌ఖురిలో కౌసల్యా మాత గుడికి తీసుకెళ్లాం. చెరువు మధ్యలో గుడి. మోకాళ్ల నొప్పులని ఇంట్లో గడప దాటని మనిషి, ఆ వంతెన మీద నవ్వుతూ నడిచింది. ఫొటోలన్నీ మా ఆవిడ ఫోన్‌లోనే. పది రోజులకు ఆ ఫోన్ నీళ్ల బకెట్‌లో పడింది.

“కంప్యూటర్‌లో ఉన్నాయి కదండీ” అంది.

లేవు.

తేదీ అడిగేటప్పుడు డేట్ కమాండ్‌లో ‘%’ గుర్తు వస్తుంది. మనం టైపు చేస్తే అది మామూలు గుర్తే. క్రాన్‌ట్యాబ్‌లో మాత్రం ‘%’ వచ్చిన చోట కమాండ్ ఆగిపోతుంది. సగంలో తెగిన కమాండ్ ఒక్క రాత్రీ నడవలేదు. క్రాన్ తన ఫిర్యాదును మెయిల్‌లో పంపజూస్తుంది. మా దాంట్లో మెయిల్ ఏర్పాటు లేదు కాబట్టి అదీ పోయింది. లాగ్ ఫోల్డర్ తెరిస్తే, నేను చేత్తో నడిపిన నాటి ఫైలు ఒక్కటే ఉంది. మర్నాడే తెరిచి చూడాల్సింది.

దిద్దుబాటు చిన్నదే: క్రాన్‌ట్యాబ్‌లో ప్రతి ‘%’ ముందు ‘\’ పెట్టాలి. నాకు నచ్చిన పద్ధతి, కమాండ్లన్నీ ఒక స్క్రిప్ట్‌లో రాసి క్రాన్‌కు దాని పేరు మాత్రమే ఇవ్వడం. అక్కడ ‘%’తో చిక్కు లేదు. లాగ్ ఫైలు పేరు తర్వాత ‘2>&1’ కూడా చేర్చాలి. లేదంటే తప్పుల సందేశాలు అందులోకి రావు, ఫైలు శుభ్రంగా కనిపించి మోసం చేస్తుంది. 30 రోజులు దాటిన ఫైళ్లను తీసేయడానికి ఫైండ్ కమాండ్ ఉంది.

ఇప్పుడు కాఫీకి పాలు పెట్టి మా ఆవిడే ఆ ఫోల్డర్ చూస్తుంది. ఆ రోజు తేదీతో ఫైలు లేకపోతే నన్ను లేపుతుంది.