ముసురుకూ వడగాలికీ కరువుకూ ఒకే చదువు

2023 జులై 27, 28 తేదీల్లో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి ఎక్కింది. విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య వాహనాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ వరద తీసి వారాలు గడవకముందే వాన ముఖం చాటేసింది. ఆ ఏడాది ఆగస్టులో దేశమంతటా కలిపి కురవాల్సిన దానికంటే 36 శాతం తక్కువ కురిసింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. ఒకే ఖరీఫ్‌లో ముంపు, ఎద్దడి రెండూ. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో పత్తి, మిర్చి వేసే కుటుంబాలకు ఇవి రెండు వేర్వేరు కష్టాలు. వాతావరణ శాస్త్రం దృష్టిలో మాత్రం రెండూ ఒకే కదలిక ఫలితాలు. ఆ కదలికను చదవగలిగినవాళ్లకు రాబోయే రోజుల్లో పని తప్పకుండా ఉంటుందని, ఆ పనికి మన మెట్ట ప్రాంతపు విద్యార్థులు పూర్తిగా తగినవాళ్లని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కదలిక సంగతి చూడాలి.

నైరుతి రుతుపవనాల కాలంలో వాయవ్య భారతం నుంచి బంగాళాఖాతం దాకా ఒక అల్పపీడన ద్రోణి పరుచుకుని ఉంటుంది. దాని తూర్పు కొస సముద్రంలోకి దిగి ఉన్న రోజుల్లో అక్కడ అల్పపీడనాలు పుట్టి, కొన్ని వాయుగుండాలుగా బలపడి పడమరకు, వాయవ్యానికి నడుస్తాయి. అప్పుడు మనకు ముసురు పడుతుంది. అదే ద్రోణి ఉత్తరానికి జరిగి హిమాలయాల పాదాల దగ్గర నిలిస్తే అక్కడ వరదలు వస్తాయి, ఇక్కడ ఆకాశం తేటపడి నేల బీటలు వారుతుంది. 2023 ఆగస్టులో జరిగింది ఇదే. దానికి పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు వేడెక్కే ఎల్ నినో కూడా తోడైంది. వాయుగుండంలోనూ వాన అన్ని వైపులా ఒకేలా కురవదు. రుతుపవన కాలంలో దాని కేంద్రానికి నైరుతి దిక్కున ఎక్కువగా కురుస్తుంది. 2024 ఆగస్టు నెలాఖరులో బలపడిన వాయుగుండం సెప్టెంబరు 1 తెల్లవారుజామున తీరం దాటింది కళింగపట్నం దగ్గర. విజయవాడను, అక్కడి బుడమేరు వాగు పక్కన ఉన్న పేటలను ముంచిన వాన పడింది అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన, నైరుతి దిక్కునే. తీరం దాటే చోటును మాత్రమే చూసుకుని ధైర్యంగా ఉండకూడదని ఆ రెండు రోజులు చెప్పాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. కాబట్టి ఇలాంటి వానలు ఇకముందు తగ్గుతాయని అనుకోవడానికి ఆధారం లేదు.

ఎండ సంగతీ అంతే. మే నెలలో మన వడగాడ్పుకు మూలం సూర్యుడొక్కడే కాదు, గాలి దిక్కు కూడా. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి వస్తే కాస్త ఊరట ఉంటుంది. వాయవ్యం నుంచి పొడిగాలి బలంగా వీస్తే ఆ సముద్రపు గాలి తీరం దగ్గరే ఆగిపోతుంది. 2020 మే 20న అంఫన్ తుపాను పశ్చిమ బెంగాల్‌లో తీరం దాటింది. పోతూ పోతూ తేమను తన వెంట లాక్కుపోయి, కోస్తా ఆంధ్ర మీదికి పొడిగాలి వీచేలా చేసింది. అక్కడ వానకూ ఇక్కడ వడగాలికీ కారణం ఒకే వ్యవస్థ. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. 45 డిగ్రీలు తాకితే మామూలుతో పోల్చే పని కూడా లేదు. 2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్లలో చాలామంది ఎండలో కూలికి పోక తప్పనివాళ్లు. గాలి దిక్కు మారబోతోందని రెండు మూడు రోజుల ముందు తెలిసి, ఆ కబురు పనిస్థలానికి చేరి, పని వేళలు మారి ఉంటే కొన్ని ప్రాణాలైనా నిలిచేవి.

కరువు దగ్గరికి వస్తే విషయం మరింత దూరం పోతుంది. మన ప్రాంతానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు చిట్టచివర అందుతాయి. ఆ నీళ్లు మహాబలేశ్వరం దగ్గర, పడమటి కనుమల్లో పడ్డ వానలు. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం నిండాకే సాగర్‌కు చేరతాయి. అంటే జగ్గయ్యపేటలో బాగా కురిసిన ఏడాది కూడా కాలువ ఎండిపోవచ్చు. ఇక్కడ చినుకు లేని ఏడాది కూడా కాలువ పారవచ్చు. అటు మున్నేరు వరద ఇక్కడి వాన మీద ఆధారపడదు. మహబూబాబాద్, ఖమ్మం వైపు కురిసిన నీళ్లు కిందికి వచ్చి వైరా, కట్టలేరులతో కలిసి కృష్ణలో పడతాయి. 2024 సెప్టెంబరు 1న ఖమ్మాన్ని ముంచింది ఈ మున్నేరే. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది.

ఇంత చెప్పింది కొలువుల మాట కోసమే. దేశంలో అంచనాలు మెరుగుపడ్డాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం రూ.2,000 కోట్లతో 'మిషన్ మౌసం'ను ఆమోదించింది. 2025 మేలో 6 కిలోమీటర్ల గడులతో దేశం మొత్తాన్ని లెక్కగట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలైంది. కొరత ఉన్నది ఆ తర్వాతి మెట్టులో. 'ఎన్టీఆర్ జిల్లాలో అతి భారీ వర్షాలు' అన్న మాటను 'ఐతవరం దగ్గర రోడ్డు మీదికి నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి', 'కల్లంలో ఆరబోసిన మిర్చికి ఎప్పటిలోగా పట్టాలు కప్పాలి', 'రేపు ఏ ఫీడరు మీద ఏసీల భారం ఎంత' అన్న జవాబులుగా మార్చేవాళ్లు తక్కువ. వాతావరణ శాఖ, కేంద్ర జల సంఘం, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, జలవనరుల శాఖ, పంటల బీమా కంపెనీలు, సౌర పవన విద్యుత్ సంస్థలు అన్నిటికీ ఈ జవాబులు కావాలి. నా దృష్టిలో ఈ రంగంలో అసలు ఖాళీ ఇదే.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఉద్యోగాల లెక్క. అది నిరాధారమైనది కాదు. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ కొలువులకు 2022లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇచ్చిన ప్రకటనలో ఉన్నవి 990. అలాంటి ప్రకటనలు ఏటా రావు. జిల్లాల్లో రైతులకు వాతావరణ సలహాలు ఇచ్చే 199 కేంద్రాలను 2024లో మూసేశారు. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసిన నిపుణులు రోడ్డున పడ్డారు. అది తప్పుడు నిర్ణయమనే నేను అంటాను. అయితే ఒక్క శాఖ ప్రకటన కోసం ఏళ్ల తరబడి కూర్చోమని ఎవరికీ సలహా ఇవ్వను. వాతావరణాన్ని ఒక ఉద్యోగం పేరుగా చూస్తే దారి ఇరుకు. భౌతికశాస్త్రం, గణాంకం, కంప్యూటర్ కలిసిన నైపుణ్యంగా చూస్తే అదే డిగ్రీ జలవనరులకు, విద్యుత్తుకు, బీమాకు, ఉపగ్రహ సమాచారానికి పనికొస్తుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివి వరదల లెక్క నేర్చినవాళ్లకు యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసుల ద్వారా జల సంఘం దారి ఉంది.

రెండో అభ్యంతరం కృత్రిమ మేధ. 2023లో వచ్చిన గ్రాఫ్‌కాస్ట్ వంటివి పది రోజుల అంచనాను నిమిషంలోపే ఇస్తున్నాయి, ఇక మనుషులెందుకని అడుగుతారు. అవి నేర్చుకున్నది దశాబ్దాల పరిశీలనలను భౌతికశాస్త్ర నమూనాలతో కలిపి తయారు చేసిన సమాచారం నుంచే. రాడార్లు, బెలూన్లు, వర్షమాపకాలు లేకపోతే వాటికి నేర్చుకునే పాఠమే లేదు. పైగా మున్నేరు వంటి చిన్న పరీవాహకంలో కొద్ది గంటల్లో పడే కుండపోత ఇప్పటికీ వాటికి కష్టమే. యంత్రం చెప్పినదాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు అనుమానించాలో చెప్పేవాళ్ల విలువ తగ్గదు. తగ్గేది కేవలం పటాలు గీసి పంపే పని. కాబట్టి పైథాన్ రాని వాతావరణ విద్యార్థి వెనకబడతాడు, భౌతికశాస్త్రం రాని కోడర్ కూడా వెనకబడతాడు.

'ఇంత లెక్కలు మనవల్ల కాదు' అన్నది మూడోది. తెలుగు మీడియంలో చదివినవాళ్ల ఇళ్లలో ఇది గట్టిగా వినిపిస్తుంది. కానీ లెక్కలు అర్థమైతే మిగతా శాస్త్రం తర్వాతైనా నేర్చుకోవచ్చు. 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. వాతావరణ శాస్త్రంలో అంతకుముందు ఆయనకు శిక్షణ లేదు. వానలు ఎందుకు తప్పుతున్నాయో వెతుకుతూ, ఎల్ నినోకు జతగా ఉండే పీడనాల ఊగిసలాటను పట్టుకున్నాడు. వేసవి రుతుపవనాల వేళ దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి వీచే వేగవంతమైన గాలిని, ఉష్ణమండల తూర్పు జెట్‌ను, 1950లలో గుర్తించి వివరించింది తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం. ఆయనే తర్వాత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఇంటర్ ఎంపీసీలో లెక్కలు, ఫిజిక్స్ అర్థం చేసుకుని చదివినవాళ్లకు ఈ దారి మూసుకుపోలేదు.

దారి ఇలా ఉంటుంది. ఎంపీసీ తర్వాత ఫిజిక్స్, గణితం ఉన్న బీఎస్సీ. ఆపైన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగంలో ఎంఎస్సీ. బీటెక్ చేసినవాళ్లకు గేట్‌లో ఎక్స్‌ఈ పేపరు కింద వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. దాంతో ఐఐటీల్లో ఎంటెక్, పరిశోధన వైపు వెళ్లవచ్చు. బైపీసీ విద్యార్థులు అగ్రికల్చర్ బీఎస్సీ చేసి పీజీలో వ్యవసాయ వాతావరణ శాస్త్రం ఎంచుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం), ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఉపగ్రహ సమాచారం), క్రిడా (మెట్ట వ్యవసాయ పరిశోధన), తిరుపతి దగ్గర గాదంకిలోని ఎన్‌ఏఆర్‌ఎల్ (వాతావరణ పరిశోధన) మనకు దగ్గరలోనే ఉన్న పెద్ద సంస్థలు. ప్రాజెక్టు పనులకు, ఇంటర్న్‌షిప్‌కు ముందు వాటి వెబ్‌సైట్లు చూడండి. పైన చెప్పిన 2022 ప్రకటనలో సైంటిఫిక్ అసిస్టెంట్‌కు అడిగినది ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ, లేదా కంప్యూటర్ డిగ్రీ, లేదా ఎలక్ట్రానిక్స్, టెలికమ్యూనికేషన్ డిప్లొమా. వాటిలో ప్రథమ శ్రేణి, ఇంటర్‌లో ఫిజిక్స్, గణితం ఉండాలి. కాబట్టి డిగ్రీలో అరవై శాతానికి తగ్గకుండా చూసుకోండి.

కంచికచర్లలో ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు చివరి ఏడాది ప్రాజెక్టుగా మున్నేరునే తీసుకోవచ్చు. ఉపగ్రహ వర్షపాతం, పాత వాతావరణ సమాచారం ఉచితంగా దొరుకుతాయి. ఖమ్మం వైపు పడిన వాన మున్నేరు మీది కీసర వంతెన దగ్గరికి ఎన్ని గంటల్లో చేరుతోందో 2023, 2024 వరదలతో లెక్కగట్టి, ఆ ఫలితాన్ని మీ మండల తహసీల్దారు కార్యాలయానికి ఇవ్వండి. తల్లిదండ్రులకూ ఒక మనవి: ఎంపీసీ అయిన పిల్లవాడు బీఎస్సీ ఫిజిక్స్ అంటే చిన్నచూపు చూడకండి, ముందు ఈ సంస్థల ప్రకటనలు ఒకసారి చదివి చూడండి.